ఇవ్వాలా, ఇవ్వొచ్చా, ఇవ్వక్కర్లేదా? బఫేలో టిప్పు

నాలుగో మెట్టు: చదవడం, మాట్లాడడం, కొంచెం లెక్క

పిల్లలూ, ఈ పాఠంలో క్రియలకు తగిలించే నాలుగు తోకలు నేర్చుకుందాం. "ఇవ్వు" అనే మాట తీసుకోండి.

ఇవ్వాలి: తప్పదు.
ఇవ్వొచ్చు: మన ఇష్టం. పుస్తకాల్లో "ఇవ్వవచ్చు" అని ఉంటుంది.
ఇవ్వక్కర్లేదు: ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనరు. పుస్తకాల్లో "ఇవ్వనక్కరలేదు".
ఇవ్వకూడదు: ఇస్తే తప్పు, లేదా బాగోదు.

మీలో చాలామంది నాలుగింటికీ ఒకటే "ఇవ్వాలి" వాడేస్తున్నారు. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెబితే అలాగే అవుతుంది. అందుకని నాలుగు తోకలూ నిజంగా అవసరమయ్యే విషయం ఒకటి వెతికాను. చెర్రీవుడ్‌లో లువాస్ ఎక్కి, స్టీఫెన్స్ గ్రీన్‌లో దిగి, ఆదివారం మధ్యాహ్నం సిటీలో బఫే భోజనానికి వెళ్లారనుకోండి. కడుపు నిండా తిన్నారు. బిల్లు వచ్చింది. కార్డు మెషీన్ "టిప్పు ఎంత?" అని అడుగుతోంది. ఇప్పుడు ఏ తోక పెట్టాలి?

బంతి నుంచి బఫే దాకా

మీ తాతయ్యల కాలంలో పెళ్లిళ్లలో బంతి భోజనాలు పెట్టేవాళ్లు. బంతి అంటే ఇక్కడ ఆడుకునే బంతి కాదు, వరుస. అందరూ నేల మీద వరుసగా కూర్చుంటారు. ముందు అరిటాకు వేస్తారు. బాబాయిలు, మేనమామలు బకెట్లు, గరిటెలు పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కొసరి కొసరి వడ్డిస్తారు. ఒక బంతి లేచాక ఇంకో బంతి. అన్నిటికన్నా చివరిది కడబంతి. కడబంతి కూర్చునేసరికి బూరెలు అయిపోయే ప్రమాదం ఉంది! అందుకే ఒక సామెత పుట్టింది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు.

బఫేలో వడ్డించేవాడు ఎవరు? ఎవరూ లేరు. గరిటె మన చేతిలోనే ఉంది. బూరెలు ఎన్ని కావాలంటే అన్ని. అందుకే చాలామంది పెద్దవాళ్లు అంటారు, "అన్నీ మనమే వడ్డించుకున్నాం కదా, ఇంక టిప్పు ఎవరికి?" అని. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. మామూలు రెస్టారెంట్లో టిప్పు ఇచ్చేది వడ్డించినందుకే కదా.

ఒక పని చేద్దాం. మీరు ఈసారి బఫేకి వెళ్లినప్పుడు మీ టేబుల్ మీదికి వచ్చిన ప్లేట్లు లెక్కపెట్టండి. సూప్ గిన్నె ఒకటి. పకోడీలకి ప్లేటు ఒకటి. బిర్యానీకి ఒకటి. మళ్లీ కొంచెం నూడుల్స్, దానికి కొత్త ప్లేటు. గులాబ్‌జామూన్ గిన్నె. ఐస్‌క్రీమ్ గిన్నె. మనిషికి నాలుగు అనుకున్నా నలుగురికి పదహారు. మీరు రెండో ప్లేటు తెచ్చుకుని వచ్చేసరికి మొదటి ప్లేటు అక్కడ లేదు. ఎక్కడికి పోయింది? ఎవరో తీశారు. మీరు చూడలేదు, అంతే.

ఇక్కడ ఒక తెలుగు మాట నేర్చుకోవాలి: ఎంగిలి. దీన్ని ఇంగ్లీషులో ఒక్క మాటతో చెప్పలేం. తినేవాళ్ల నోరో, తినే చెయ్యో తగిలినదల్లా ఎంగిలే. "ఎంగిలి చేత్తో గిన్నె ముట్టుకోకు" అని అమ్మ అంటుంది చూడండి, అదే. బంతి భోజనం అయ్యాక ఎంగిలాకులు ఎత్తాలి. ఒకరి ఎంగిలి ఇంకొకరు ఎత్తడాన్ని మన ఊళ్లలో ఎప్పుడూ చిన్న విషయంగా చూడలేదు. ఆ పని కొందరికే అప్పజెప్పి, ఆ పని చేసినందుకే వాళ్లని దూరంగా ఉంచిన రోజులు కూడా ఉన్నాయి. పెద్దయ్యాక చరిత్రలో చదువుతారు, ఇప్పుడు ఇంతవరకు చాలు.

బఫేలో సర్వర్ పని అంటే వడ్డన కాదు. ఎంగిలి ప్లేట్లు తీయడం, టేబుల్ తుడవడం, మంచినీళ్ల జగ్గు నింపడం, వేడి నాన్ తెచ్చి పెట్టడం, కింద మంట ఉన్న పెద్ద స్టీలు ట్రేలు ఖాళీ కాకుండా లోపలినుంచి మోసుకురావడం. చిన్న బాబు కింద పోసిన మామిడి లస్సీ తుడవడం కూడా. వడ్డనకన్నా ఇది తేలిక పని అని నాకైతే అనిపించదు.

సంభాషణ

(అమ్మకి ఆదివారం డ్యూటీ. నాన్న, అమ్మమ్మ, అక్క, తమ్ముడు బఫేకి వెళ్లారు. పెద్దవాళ్లకి 22 యూరోలు, పిల్లలకి 11. ధరలు మనం అనుకున్నవే, లెక్క కోసం.)

తమ్ముడు: నాన్నా, మెషీన్‌లో మూడు నంబర్లు వచ్చాయి. పది, పన్నెండున్నర, పదిహేను. ఏది నొక్కాలి?

నాన్న: ఆగరా. ముందు బిల్లు చూడనీ. సర్వీస్ చార్జి ఏమన్నా వేశారా?

అక్క: వెయ్యలేదు నాన్నా. పెద్దలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు, మొత్తం అరవై ఆరు. అంతే ఉంది.

అమ్మమ్మ: అయినా టిప్పు ఎందుకు బాబూ? అన్నీ మనమే లేచి తెచ్చుకున్నాం కదా.

అక్క: తెచ్చుకుంది మనమే అమ్మమ్మా. తీసింది ఎవరు? పదహారు ప్లేట్లు!

తమ్ముడు: అందులో నావే ఆరు.

అమ్మమ్మ: అయితే నీ జేబులోంచే ఇవ్వాలి.

తమ్ముడు: ఇవ్వాలా నాన్నా? నిజంగా ఇవ్వాలా?

నాన్న: ఇవ్వాలి అని ఎక్కడా లేదురా. ఇవ్వొచ్చు. నూటికి పది అయితే ఆరు యూరోల అరవై సెంట్లు. నూటికి ఐదు అయితే మూడు ముప్ఫై. మధ్యలో ఐదు యూరోల నోటు పెడదాం.

అమ్మమ్మ: ఐదు యూరోలా! మన డబ్బుల్లో దగ్గర దగ్గర ఐదొందలు కదండీ!

నాన్న: అలా రూపాయల్లోకి మార్చకూడదు అత్తయ్యగారూ. ఆ అమ్మాయి కట్టే అద్దె కూడా యూరోల్లోనే కదా.

అమ్మమ్మ: అదీ నిజమే. అయితే ఆ పిల్లని పిలిచి చేతికివ్వండి. టేబుల్ మీద పారేసి రాకండి.

గమనించారా? అమ్మమ్మ అల్లుడిని "బాబూ" అంటూనే "ఇవ్వండి" అంటోంది. నాన్న "అత్తయ్యగారూ" అంటున్నాడు. కొడుకుతో మాత్రం "ఆగరా" అంటున్నాడు. "రా" అన్నది తిట్టు కాదు, దగ్గరితనం. కానీ మీరు నాన్నని "రా" అనకూడదు! మన నాలుగు తోకల్లో మూడు ఈ సంభాషణలో ఉన్నాయి. నాలుగోది లేదు. అది ఏది? దాన్ని ఎవరి నోట పెడితే బాగుంటుందో ఆలోచించి ఒక వాక్యం రాయండి.

ఇంతకీ ఎంత?

ఐర్లండ్‌లో టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే రెస్టారెంట్లో బాగా చూసుకున్నారనిపిస్తే నూటికి పది ఇవ్వడం ఇక్కడి అలవాటు. బఫేకి అలా స్థిరపడిన అంకె లేదు. నన్నడిగితే నూటికి ఐదు నుంచి పది లోపల. ప్లేట్లు చకచకా తీసి, నీళ్లు అడక్కుండానే తెచ్చి, చంటిబిడ్డకి ఎత్తు కుర్చీ వేసిన చోట పది. ఎవరూ కనిపించని చోట ఐదు, లేదా ఏమీ ఇవ్వక్కర్లేదు. మెషీన్ చూపించే అంకెలు చట్టం కావు. వాటిని రెస్టారెంటు వాళ్లు అందులో పెట్టుకున్నారు. "టిప్పు వద్దు" అనే బటన్ కూడా అక్కడే ఎక్కడో చిన్నగా ఉంటుంది. అది నొక్కి, నోటు చేతికిచ్చినా తప్పేమీ లేదు. జేబులో బరువైపోయిన ఒకటి, రెండు సెంట్ల రాగి నాణేలన్నీ టేబుల్ మీద కుమ్మరించి రావడం మాత్రం బాగోదు. దానికన్నా ఏమీ ఇవ్వకుండా "థాంక్యూ" చెప్పి రావడం మేలు.

ఐరిష్ వాళ్లకి సొంత బఫేలాంటిది ఒకటుంది, కార్వరీ. మధ్యాహ్నం పబ్బులో ట్రే పట్టుకుని వరుసలో నిలబడితే షెఫ్ మాంసం ముక్కలు కోసి పెడతారు, పక్కన ఆలూ ముద్ద, కూరగాయలు. ట్రే మనమే మోసుకుని కూర్చుంటాం. అక్కడ చాలామంది ఏమీ ఇవ్వరు, కొందరు చిల్లర వదిలి వస్తారు.

లెక్క చాలా సులువు. తెలుగులో "పది శాతం" అన్నా "నూటికి పది" అన్నా "పదో వంతు" అన్నా ఒకటే. పదో వంతుకి చుక్కని ఒక గది ఎడమకి జరపండి: 66.00 కాస్తా 6.60 అవుతుంది. దానిలో సగం నూటికి ఐదు. పన్నెండున్నర శాతం చూసి భయపడకండి, అది ఎనిమిదో వంతు.

ఎనిమిదో వంతు ఎందుకు చెబుతున్నానంటే, ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి వెళితే ఇక్కడ చాలా రెస్టారెంట్లు బిల్లులోనే సర్వీస్ చార్జి కలిపేస్తాయి. పన్నెండున్నర శాతం తరచుగా కనిపిస్తుంది. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ముందే రాసి ఉంటుంది. పుట్టినరోజుకి ఎనిమిదిమంది వెళ్లారు, మనిషికి 24 యూరోలు. బిల్లు 192. ఎనిమిదో వంతు 24. అంటే రాని తొమ్మిదో మనిషి భోజనం ఖర్చు! అది వేశాక మళ్లీ టిప్పు ఇవ్వక్కర్లేదు. చూడకుండా రెండుసార్లు ఇచ్చేవాళ్లు ఎందరో. అందుకే సంభాషణలో నాన్న ముందు బిల్లు చూశాడు.

మనం ఇచ్చింది ఎవరికి చేరుతుంది?

ఈ భాగం కొంచెం కష్టం. నెమ్మదిగా చదవండి.

కార్డు మీద టిప్పు నొక్కితే ఆ డబ్బు ముందు రెస్టారెంటు ఖాతాలోకి వెళుతుంది, ప్లేట్లు తీసిన అక్క జేబులోకి కాదు. అక్కడినుంచి ఆమెకి చేరుతుందా? ఐర్లండ్‌లో దీనికోసమే ఒక చట్టం చేశారు. అది 2022 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని మన తోకలతో చెప్పుకుందాం.

యజమాని కార్డు టిప్పులను పనిచేసేవాళ్లకి న్యాయంగా పంచాలి. టిప్పు డబ్బుని జీతం కింద లెక్కకట్టకూడదు. టిప్పులు ఎలా పంచుతారో కస్టమర్లకి కనిపించేలా నోటీసు పెట్టాలి. నోట్ల రూపంలో ఇచ్చే టిప్పు సంగతి కూడా అందులో రాయాలి. "సర్వీస్ చార్జి" అని పేరు పెట్టి తీసుకున్నది కూడా కార్డు టిప్పులాగే పంచాలి. యజమాని దాన్ని ఉంచుకోకూడదు. తను కూడా రోజూ వాళ్లతో సమానంగా అదే పని చేస్తుంటే మాత్రం వాటా తీసుకోవచ్చు. అన్యాయం జరిగితే పనిచేసేవాళ్లు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

మరి మనం? మనం టిప్పు ఇవ్వాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. "ఆలి" అంతా యజమానికి, "ఒచ్చు" మనకి. ఇంట్లో ఎవరైనా "ఇక్కడ టిప్పు ఇవ్వడం రూలు" అంటే ఈ పేరా చదివి వినిపించండి.

అయితే డాలస్‌లో ఉండే పెద్దనాన్న ఫోన్లో "అయ్యో, పదిహేను, ఇరవై శాతం ఇవ్వాలి, ఇవ్వకపోతే పాపం" అంటారు. ఆయన అన్నదీ తప్పు కాదు. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపి గంటకి 7 డాలర్ల 25 సెంట్లు రాకపోతే మిగతాది యజమాని వెయ్యాలి. అంటే అక్కడ జీతంలో పెద్ద భాగం కస్టమరే ఇస్తున్నట్టు. అక్కడ కూడా బఫేకి తక్కువే, నూటికి పది దాకా. ఐర్లండ్‌లో సర్వర్‌కి వేరే తక్కువ జీతం లేదు. 2025లో ఇరవై ఏళ్లు నిండినవాళ్లకి గంటకి కనీసం 13 యూరోల 50 సెంట్లు ఇవ్వాల్సి ఉండేది, టిప్పు వచ్చినా రాకపోయినా. అందుకే డాలస్ "ఇవ్వాలి" డబ్లిన్‌కి వచ్చేసరికి "ఇవ్వొచ్చు" అయింది. జపాన్ వెళితే అది "ఇవ్వకూడదు" కూడా కావచ్చు. అక్కడ టిప్పు అలవాటు లేదు. టేబుల్ మీద వదిలితే మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చేవాళ్లున్నారు.

ఇండియాలో? సెలవులకి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బిల్లు ఒక చిన్న ప్లేటులో సోంపు, పటికబెల్లంతో వస్తుంది కదా, అందులో పదో ఇరవయ్యో వదులుతారు. పెద్ద బఫేల్లో సర్వీస్ చార్జి వేస్తే "తీసెయ్యండి" అని అడగొచ్చు. సర్వీస్ చార్జి తప్పనిసరిగా వసూలు చేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది.

టిప్పు, బక్షీసు, మామూలు

తెలుగులో టిప్పుని టిప్పనే అంటాం. పాత మాటలు వేరే ఉన్నాయి. బక్షీసు పర్షియన్ నుంచి వచ్చింది. పెద్దవాడు చిన్నవాడికి దయతో ఇచ్చేది అన్న వాసన అందులో ఉంది, అందుకే నేనైతే సర్వర్ విషయంలో ఆ మాట వాడను. ఈనాం అంటే బహుమతి. రాజులు భూములు కూడా ఈనాంగా ఇచ్చేవాళ్లు. ఇక మామూలు. "నేను మామూలుగానే ఉన్నాను" అంటే ఎప్పటిలాగే అని. కానీ "దసరా మామూలు" అంటే పండక్కి ఇవ్వడం అలవాటైన డబ్బు. ఆఫీసులో ఎవరైనా "మామూలు" అడిగితే అది లంచం! ఒకే మాట, మూడు అర్థాలు. జాగ్రత్తగా వాడండి.

ఎలా పిలవాలి, ఏమనాలి?

డబ్లిన్‌లో ఇండియన్ రెస్టారెంట్‌కి వెళితే మీ ప్లేటు తీసే అక్క తెలుగమ్మాయే కావచ్చు. మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్లు ఇలాంటి పార్ట్‌టైమ్ పనులు చేస్తుంటారు. ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకి కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటలు పనిచేసే అనుమతి ఉంటుంది. పొద్దున్న ల్యాబ్, సాయంత్రం ప్లేట్లు. మీరు అమ్మతో తెలుగులో మాట్లాడడం ఆమె వింటూనే ఉంటుంది. "ఈ బిర్యానీ బాలేదు, ఈమెకి ఏమీ రాదు" అని తెలుగులో అంటే అర్థం కాదనుకోకండి.

వేలు చూపించి పిలవకూడదు, చిటికె వెయ్యకూడదు. మీకన్నా పెద్దవాళ్లయితే "అక్కా", "అన్నా" అనండి, దానితో పాటు "మీరు". ఇంట్లో సొంత అక్కని "నువ్వు" అంటాం. కొత్త అక్కని మాత్రం "మీరు" అనాలి. కొన్ని వాక్యాలు ఇస్తున్నాను, పైకి చదవండి:

"అక్కా, ఈ ప్లేటు అయిపోయింది, తీసుకెళ్తారా?"
"అన్నా, కొంచెం మంచినీళ్లు ఇస్తారా?"
"అక్కా, కార్డులో టిప్పు వేస్తే మీకు అందుతుందా? చేతికి ఇవ్వమంటారా?"
"ఇది మీకేనండీ. మా టేబుల్ బాగా చూసుకున్నారు."

మూడో ప్రశ్న యజమాని పక్కనే నిలబడి ఉన్నప్పుడు అడగకండి. ఆమె నిజం చెప్పలేక ఇబ్బంది పడుతుంది. ముందు గోడ మీద, మెనూలో నోటీసు వెతకండి.

అమ్మానాన్నలకి ఒక మాట: ఈసారి బిల్లు రాగానే మీరే కట్టేసి లేచిపోకండి. బిల్లు పిల్లల చేతికిచ్చి, పదో వంతు తెలుగులో చెప్పమనండి. ఎంత ఇవ్వాలన్న చర్చ సర్వర్ టేబుల్ దగ్గర లేనప్పుడు పెట్టుకోండి.

అభ్యాసం

ఖాళీలు నింపండి (ఆలి, ఒచ్చు, అక్కర్లేదు, కూడదు):

బిల్లులో సర్వీస్ చార్జి ఉంటే మళ్లీ టిప్పు ఇవ్వ______.
యజమాని టిప్పు డబ్బుని జీతంలో కలప______.
టిప్పులు ఎలా పంచుతారో నోటీసు పెట్ట______.
ఇష్టమైతే ఐదు యూరోలు ఇవ్వ______.
ఒక ప్లేటు తినకుండానే ఇంకో ప్లేటు తెచ్చుకో______. (దీనికి మీ ఇంట్లో ఏ తోక వాడతారో అదే రాయండి.)

లెక్క: ముగ్గురు పెద్దలు, ఒక పాప బఫేకి వెళ్లారు. పెద్దలకి 20 యూరోలు, పాపకి 12. నూటికి ఐదు ఎంత? నూటికి పది ఎంత? మీరైతే ఎంత ఇస్తారు, ఎందుకు? జవాబు అంకెల్లో కాదు, అక్షరాల్లో రాయండి.

మాట్లాడండి: "అన్నీ మనమే తెచ్చుకున్నాం, టిప్పు ఎందుకు?" అని ఒకరు, "ప్లేట్లు తీశారు, ఇవ్వాలి" అని ఇంకొకరు. ఇద్దరిద్దరుగా రెండు నిమిషాలు వాదించుకుని, తర్వాత పక్షాలు మార్చుకోండి.

ఇంట్లో చేయండి: అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి వాళ్ల ఊళ్లో బంతి భోజనాల్లో ఎవరు వడ్డించేవాళ్లో, ఎంగిలాకులు ఎవరు ఎత్తేవాళ్లో అడగండి. ఎత్తినవాళ్లు ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తినేవాళ్లో కూడా అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఐదు వాక్యాల్లో రాసి, శనివారం క్లాసుకి తీసుకురండి.